పట్టాకు ముందు పది సెంట్ల సేద్యం

బాపట్ల : వ్యవసాయం చదివే కుర్రవాడికి వరి మడిలో మచ్చ పడిన ఆకు ఒకటి తుంచి ఇవ్వండి. అది ఏ తెగులో, ఏ బూజు వల్ల వచ్చిందో, ఏ మందు లీటరు నీటికి ఎంత కలపాలో గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. ఆ మందు ఎకరాకు కొట్టాలంటే ఎంతవుతుంది, కొట్టినవాడికి కూలి ఎంత, ఈ రేటుకు ధాన్యం అమ్మితే ఆ ఖర్చు తిరిగి వస్తుందా అని అడగండి. చాలామంది అక్కడే తడబడతారు.

రైతు రాత్రి నిద్ర పట్టక ఆలోచించేది రెండో ప్రశ్న గురించే. మొదటి ప్రశ్నకు పుస్తకంలో జవాబు ఉంది. రెండోదానికి జవాబు సొంత డబ్బు పెట్టి, సొంత చేత్తో విత్తనం చల్లి, సంతలో నిలబడి అమ్ముకున్నవాడికే తెలుస్తుంది. రేపు అధికారిగానో, బ్యాంకు ఉద్యోగిగానో, మందుల కంపెనీ మనిషిగానో మన గడప ఎక్కి సలహా చెప్పబోయేది ఈ పిల్లలే. వాళ్ళు ఆ రెండో ప్రశ్న తెలుసుకుని వస్తారా, తెలియకుండానే వస్తారా అన్నది కళాశాల ఒక్కటే తేల్చే విషయం కాదు. ఊరు కూడా చేయి కలపవలసి ఉంది.

చదువు ఎక్కడ ఆగుతోంది?

మన జిల్లాకు వ్యవసాయ విద్య కొత్త కాదు. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో, మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలోనే వెలిసింది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని కిందికి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయానికే 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. 1986లో విడుదలై దేశమంతటా పేరు తెచ్చుకున్న సాంబ మసూరి వరి, అంటే రైతులు బీపీటీ అని పిలుచుకునే 5204 రకం, పుట్టింది బాపట్లలోనే. ఆ మూడు అక్షరాలు మన ఊరి పేరు నుంచి వచ్చినవే.

పిల్లలను పొలానికి పంపే ఏర్పాట్లు కూడా లేకపోలేదు. బి.ఎస్.సి. వ్యవసాయం చదివేవారు చివరి ఏడాదిలో కొంతకాలం పల్లెలో ఉండి, ఒక రైతు వెంట తిరిగి సేద్యపు పనులు నేర్చుకోవాలి. దీన్ని గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం అంటారు. కళాశాల ఆవరణలోనే పుట్టగొడుగులు, వానపాముల ఎరువు, విత్తనోత్పత్తి వంటి పనులను జట్లుగా నడిపి, సరుకు అమ్మి, మిగిలినదానిలో వాటా తీసుకునే పద్ధతి మరొకటి ఉంది. ఇలాంటివన్నీ కలిపి 2015 జూలై 25న పాట్నాలో జరిగిన భారత వ్యవసాయ పరిశోధనా మండలి వ్యవస్థాపక దినోత్సవంలో ‘స్టూడెంట్ రెడీ’ అనే పేరుతో ప్రధానమంత్రి ప్రారంభించారు.

ఇవి మంచి పనులే. అయితే రైతు వెంట తిరిగిన విద్యార్థి చూసేది రైతు పైరును. పైరు పోతే కన్నీరు రైతుది, పిల్లవాడి డైరీలో మాత్రం ఒక పేజీ నిండుతుంది. కళాశాల యూనిట్‌లో పెట్టుబడి కళాశాలది, పని పదిమందిది. పదిమంది ఎద్దుకు మేత ఎవరు వేసినట్టు? నష్టం వస్తే ఏ ఒక్కరి జేబుకూ చిల్లు పడదు. పైగా ఆ పనులు వచ్చేసరికి చదువు చివరికి వస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు ఊరికే అనలేదు. డిప్లొమాలో, ఇంటర్ ఒకేషనల్‌లో ఉన్నప్పుడే, డిగ్రీ అయితే మొదటి రెండేళ్ళలోనే, సొంతమని చెప్పుకునే చిన్న సేద్యం ఒకటి పిల్లల చేతిలో ఉండాలి.

నూరేళ్ళ కిందటి పాఠం

ఈ ఆలోచన ఎవరో నిన్న పుట్టించినది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో నార్తాంప్టన్ అనే ఊళ్ళో వ్యవసాయ పాఠశాల నడిపిన రూఫస్ స్టిమ్సన్ 1908 ప్రాంతంలో ఒక పద్ధతి మొదలుపెట్టారు. పిల్లలకు పనులన్నీ బడి పొలంలోనే చేయించకుండా, ఎవరి ఇంటి దగ్గర వాళ్ళు ఒక పంటో, కోళ్ళో, పాడో సొంతంగా చేపట్టాలన్నారు. ఆ పనికి కావలసిన పాఠం బడిలో చెబుతారు. ఉపాధ్యాయుడు ఇంటికి వెళ్ళి పైరు చూస్తాడు. ఖర్చూ రాబడీ పిల్లవాడే రాసుకోవాలి. ఆ పద్ధతి నచ్చి, 1917లో ఆ దేశం చేసిన వృత్తి విద్యా చట్టంలో వ్యవసాయం చదివే ప్రతి విద్యార్థీ ఏడాదికి కనీసం ఆరు నెలలు పర్యవేక్షణలో పొలం పని చేసి తీరాలని నిబంధన పెట్టారు.

మన దేశంలోనూ చేస్తూ నేర్చుకోవడం అనే సూత్రం మీదనే 1974లో పుదుచ్చేరిలో మొదటి కృషి విజ్ఞాన కేంద్రం వెలిసింది. అది ముఖ్యంగా రైతుల కోసం. అదే సూత్రాన్ని విద్యార్థికి వర్తింపజేయాలంటే మూడే మూడు కావాలి. పని అతనిది కావాలి. లెక్క అతనే రాయాలి. తెలిసినవాడు ఒకడు వచ్చి చూస్తుండాలి. ఈ మూడింటిలో ఒకటి తగ్గినా అది సేద్యం కాదు, సరదా అవుతుంది.

పది సెంట్లే ఎందుకు?

పది సెంట్లంటే 484 చదరపు గజాలు. ఎకరంలో పదో వంతు. ఒక మనిషి చదువుకుంటూ, ఉదయం గంట, సాయంత్రం గంట పని చేసి చూసుకోగలిగినంత నేల. పోయినా ఇల్లు గుల్లకాదు, వచ్చినా కళ్ళు నెత్తికెక్కవు. ఎరువైనా, విత్తనమైనా ఎకరా లెక్కను పదితో భాగిస్తే సరిపోతుంది కాబట్టి కొత్తవాడికి లెక్క తప్పదు.

నేల చిన్నదైతే మరో మేలు ఉంది. దానిలో సగం ఊరి పద్ధతిలో, సగం పుస్తకం చెప్పిన పద్ధతిలో వేయవచ్చు. రెండు సగాల దిగుబడీ విడివిడిగా తూచి చూస్తే ఏది నిలిచిందో గట్టు మీద నిలబడ్డ ప్రతివాడికీ తెలుస్తుంది. పుస్తకం ఓడిపోతే ఎందుకు ఓడిందో కుర్రవాడు తన మాస్టారిని అడుగుతాడు. ఊరి పద్ధతి ఓడితే మనమూ ఆలోచిస్తాం. ఇద్దరికీ చెరుపు లేదు.

ఏ పని ఎంచుకోవాలి?

తొలిసారి దిగేవారు ఎక్కువగా తప్పేది ఇక్కడే. సాంబ మసూరి విత్తనం నానబోసిన నాటి నుంచి కోత దాకా 145 నుంచి 150 రోజులు పడుతుంది. ఆలోపు విద్యార్థికి పరీక్షలు వస్తాయి, సెలవులు వస్తాయి. దున్నేనాళ్ళలో దేశం మీద పోయి కోతనాళ్ళలో కొడవలి పట్టుకొచ్చినట్టు అవుతుంది వ్యవహారం. కాబట్టి మొదటి పనికి కాలం తక్కువ ఉండాలి, రోజూ చూసుకోవడానికి దగ్గరగా ఉండాలి, సరుకు అమ్మే చోటు ముందే తెలిసి ఉండాలి. అలాంటివి మన జిల్లాలో నాలుగు కానవస్తున్నాయి.

మొదటిది ఆకుకూరలు. తోటకూర విత్తిన 25, 30 రోజులకే కోతకు వస్తుంది. పది సెంట్లకు 80 నుంచి 100 గ్రాముల విత్తనం చాలు. గింజ ఆవ కన్నా సన్నం కాబట్టి ఇసుకలో కలిపి చల్లాలి. ఒకేసారి అంతా చల్లకుండా వారానికో మడి చొప్పున చల్లితే వారం వారం కోత ఉంటుంది, సంతలో ఒక్కరోజే కట్టలు గుట్టపడవు. సముద్రం వైపు ఇసుక నేలల్లో నీరు నిలవదు కాబట్టి తడి తరచుగా ఇవ్వాలి, పశువుల ఎరువు బాగా వేయాలి.

రెండోది మాగాణి మినుము. కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు పదునులో మినుములు వెదజల్లడం పాత అలవాటు. 70 నుంచి 80 రోజుల్లో పంట చేతికి వస్తుంది. ఎకరాకు 16 నుంచి 18 కిలోల విత్తనం కావాలి, అంటే పది సెంట్లకు 1.6 నుంచి 1.8 కిలోలు. కోత యంత్రాలు వచ్చాక చక్రాల గాళ్ళలో మొలక నలిగిపోతోంది. అందుకని కోత మనుషులతోనా యంత్రంతోనా అన్నది రైతును ముందుగా అడిగి, చల్లడం ముందా వెనకా అన్నది తేల్చుకోవాలి. పసుప్పచ్చ దారాల్లా అల్లుకునే బంగారు తీగను అది పూత పూయకముందే మొక్కతో సహా పీకి చేను బయట తగలబెట్టాలి. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు తగిలిన మొక్కలు కనిపించగానే తీసేయాలి. ఎకరాల చేనులో ఇంత శ్రద్ధ కుదరదు, పది సెంట్లలో కుదురుతుంది. గుంటూరు లాం పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ఎల్.బి.జి. మినుము రకాల్లో తెగులు తట్టుకునేది ఒకటి, ఊరి విత్తనం ఒకటి పక్కపక్కన చల్లితే అదే ఒక ప్రయోగం.

మూడోది ముత్యపు చిప్ప పుట్టగొడుగులు. నేలే అక్కరలేదు, ఒక చల్లని గది చాలు. కొత్త వరిగడ్డిని రెండు మూడు అంగుళాల ముక్కలుగా కోసి, రాత్రంతా నానబెట్టి, వేడి నీళ్ళలో అరగంటకు తగ్గకుండా ఉడికించి ఆరబెట్టాలి. గుప్పిట పట్టి పిండితే చేయి తడవాలి గాని చుక్క రాలకూడదు. ప్లాస్టిక్ సంచిలో ఒక వరస గడ్డి, ఒక వరస విత్తనం చొప్పున నింపి, మూతి కట్టి, గాలికి చిల్లులు పెట్టి చీకటి గదిలో ఉంచాలి. 15, 20 రోజులకు సంచి అంతా తెల్లని బూజు అల్లుకుంటుంది. అప్పుడు సంచి కోసి, వెలుతురూ గాలీ తగలనిచ్చి, నీళ్ళు చిలకరిస్తుంటే మొగ్గలు వస్తాయి. మన కోస్తాలో కార్తీకం నుంచి మాఘం దాకా అనుకూలం, ఎండాకాలం గది చల్లబరచడం కష్టం. కోసిన పుట్టగొడుగు ఒకటి రెండు రోజులకు మించి ఆగదు. అందుకే కొనేవారిని ముందు చూసుకుని ఆ తర్వాత సంచి కట్టాలి.

నాలుగోది పెరటి కోళ్ళు. వనరాజా, గ్రామప్రియ వంటి రకాలు ఊరి కోళ్ళలాగే పెరట్లో తిరుగుతూ పెరుగుతాయి. ఇరవై పిల్లలతో మొదలుపెట్టవచ్చు. మొదటి వారాల్లో బల్బు వేడి, పొడి నేల, పిల్లులూ కుక్కలూ రాని దడి ముఖ్యం. కొక్కెర తెగులుకు వారం లోపే కంటిలోనో ముక్కులోనో వేసే చుక్కల మందు వేయించకపోతే పెట్టుబడి ఒక్క రాత్రిలో పోతుంది.

లెక్కల పుస్తకమే అసలు పంట

పని ఏదైనా, దానితోపాటు ఒక నోటు పుస్తకం ఉండి తీరాలి. ఎడమ పేజీలో ఖర్చు, కుడి పేజీలో రాబడి. ఏ రోజుది ఆ రోజే రాయాలి. తారీఖు, పని, పట్టిన గంటలు, వాన పడితే వాన, పురుగు కనిపిస్తే పురుగు. ఇంట్లోంచి తెచ్చిన ఎరువుకు కూడా వెల కట్టాలి. అమ్మకుండా ఇంటికి తెచ్చుకున్న కూరకూ వెల కట్టాలి.

ఉదాహరణకు ఒక లెక్క అనుకుందాం. అంకెలు తేలికగా ఉండేందుకు వేసినవే, ఎవరి ఊరి రేట్లు వారు వేసుకోవచ్చు. పది సెంట్ల తోటకూరకు దుక్కి 400, పశువుల ఎరువు 600, విత్తనం 150, వేపనూనె 150, సంతకు బాడుగా ఆశీలూ 700. మొత్తం 2,000 రూపాయలు. కట్టలు అమ్మితే 3,200 వచ్చాయి. కుర్రవాడు సంబరపడి ఇంట్లో 1,200 లాభమని చెబుతాడు.

అప్పుడు మాస్టారు రెండు ప్రశ్నలు వేయాలి. నేల ఊరికే ఇచ్చారు సరే, కౌలుకు తీసుకుంటే ఎంత? 200 అనుకుంటే మిగిలింది 1,000. నువ్వు పని చేసిన గంటలన్నీ కలిపితే ఎన్ని రోజులు? పది రోజులు అయితే రోజుకు నీకు గిట్టింది 100 రూపాయలు. అదే పది రోజులు పక్క చేలోకి కూలికి వెళితే ఎంత వచ్చేది?

ఆ ప్రశ్న దగ్గర పిల్లవాడు నిశ్శబ్దంగా కూర్చుంటే చదువు మొదలైందన్నమాట. తండ్రి ఏళ్ళ తరబడి తన కష్టానికి వెల కట్టకుండా సేద్యం చేస్తున్నాడన్న సంగతి అతనికి ఆ పూట అర్థమవుతుంది. సంతకు బాడుగే అన్ని ఖర్చులలోకీ పెద్దదని కూడా ఆ పుస్తకమే చెబుతుంది. అయితే నలుగురి కట్టలు ఒకే ఆటోలో పంపితే ఏమవుతుందని ఆలోచిస్తాడు. రేపు ఉద్యోగంలో చేరి రైతుకు మరో మందు రాసిచ్చే ముందు, దాని ఖర్చు ఎన్ని కిలోల ధాన్యంతో సమానమో తనే లెక్క కట్టుకుంటాడు. తెగులు పేరు మరిచిపోతే పుస్తకం తిరగేయవచ్చు. ఈ లెక్క మరిచిపోయినవాడికి ఏ పుస్తకమూ పనికిరాదు.

నేల ఇచ్చే రైతు అనుమానాలు

పిల్లలకు పది సెంట్లు ఇవ్వండి అనగానే రైతుకు కలిగే మొదటి భయం హక్కు గురించి. ఇవాళ పది సెంట్లు అంటారు, రేపు దిగమంటే దిగుతారా అని. ఆ భయాన్ని నవ్వి కొట్టిపారేయనక్కరలేదు. కౌలుదారుల విషయంలో ఆ భయం పోగొట్టేందుకే రాష్ట్ర ప్రభుత్వం 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టంలో యజమాని హక్కుకు భంగం లేకుండా 11 నెలలకు పత్రం రాసుకునే పద్ధతి పెట్టారు. విద్యార్థి సేద్యం అంత పెద్ద వ్యవహారం కాకపోయినా, మాటల మీద కాకుండా కాగితం మీద ఉండడం ఇద్దరికీ మంచిది.

ఆ కాగితంలో ఉండవలసినవి ఇవి. నేల ఎక్కడ, ఎంత, హద్దులు ఏవి. ఏ పంట, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. నీరు ఎవరి బోరు నుంచి, వారంలో ఏ రోజు. ఎరువు, విత్తనం, మందు ఖర్చు ఎవరిది. పంట ఎవరిది, వాటా ఉంటే ఎంత. పశువులు మేసినా, వాన ముంచినా నష్టం ఎవరిది. తేదీ ముగిశాక నేల ఖాళీ చేసి అప్పగించడం. కింద రైతు, విద్యార్థి, తండ్రి, కళాశాల తరఫున మాస్టారు సంతకాలు పెడితే సరిపోతుంది.

రెండో అనుమానం నీటి గురించి. వంతు నీరు ఆలస్యమైతే ఇంట్లోవాళ్ళే పోట్లాడుకునే రోజులివి. పిల్లలకు ఇచ్చే నేల చేను చివర మూల కాకుండా, కాలవ మొదట్లోనో బోరు దగ్గరో ఉండాలి. పనికిరాని చవిటి ముక్క ఇచ్చి సేద్యం నేర్చుకోమనడం ఈత రానివాణ్ణి ఏట్లో తోసినట్టే.

మూడో అనుమానం, కుర్రవాడి చేలో పురుగు చేరితే మన చేలోకి వస్తుందని. అది న్యాయమైన మాటే. వారానికి ఒకసారి రైతూ విద్యార్థీ కలిసి పది సెంట్లూ నడిచి చూడాలని కాగితంలోనే రాసుకోవాలి. ఆ నడకలో రైతు చెప్పేది, పిల్లవాడు చదివినది కలిస్తే ఇద్దరికీ కొత్త విషయం ఒకటి దొరుకుతుంది.

ఆడపిల్లల సంగతి

వ్యవసాయ కళాశాలల్లో ఇప్పుడు ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో చదువుతున్నారు. వాళ్ళకు సెంట్లు ఎక్కడో డొంక అవతల చూపిస్తే రెండో వారానికే ఇంట్లోవాళ్ళు మానిపిస్తారు. తప్పు పట్టలేం. వాళ్ళకు ఇళ్ళ వెనక దొడ్లు, బడి ఆవరణ, ఊరికి ఆనుకున్న చెక్కలు చూడాలి. ఇద్దరు ముగ్గురు కలిసి పక్కపక్కన చేసుకునేలా ఏర్పాటు చేయాలి. పొదుపు సంఘాల అక్కలు పూనుకుంటే పుట్టగొడుగుల గదీ, కోళ్ళ దడీ ఊళ్ళోనే దొరుకుతాయి. కోతలకూ కలుపులకూ వంగేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ పనిని తేలిక చేసే ఉపాయం ఆడపిల్ల చేతిలో పుడితే ఊరికి అంతకన్నా ఏం కావాలి?

నేల దొరకని విద్యార్థికి

సెంటు భూమి లేని ఇంటి పిల్లలూ వ్యవసాయం చదువుతున్నారు. పట్నంలో పుట్టి పెరిగినవారూ ఉన్నారు. వాళ్ళకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, నర్సరీలోనో, పాల కేంద్రంలోనో, జీడిపప్పు కార్ఖానాలోనో సెలవుల్లో కూలి తీసుకుని పని చేయడం. ఊరికే చూడడం కాదు, కూలి తీసుకోవాలి. అప్పుడే యజమాని పని అడుగుతాడు, పని వస్తుంది. రెండోది పరీక్షలు. ఊళ్ళో రైతుల విత్తనాలు మొలక పరీక్ష చేసి పెట్టడం. తడి గోనెపట్టా మీద వంద గింజలు పరచి చుట్టి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టాలి. వరి విత్తనం అయితే 80కి తగ్గకూడదు. తగ్గితే ఆ సంచి నారుమడికి పోకముందే రైతు జాగ్రత్త పడతాడు.

మట్టి పరీక్షకు నమూనా తీయడం కూడా అలాంటిదే. చేనులో ఎనిమిది పది చోట్ల ఆంగ్ల వి అక్షరంలా ఆరంగుళాల లోతు గొయ్యి తీసి, పక్క నుంచి మట్టి గీకి, అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. పెంట కుప్ప దగ్గర, గట్టు పక్కన, చెట్టు కింద తీయరాదు. ఇది తెలియక గట్టు మట్టి పంపి, వచ్చిన కాగితాన్ని నమ్మి ఎరువు వేసేవారు ఎందరో. ఒక విద్యార్థి ఒక వేసవిలో వీధి వీధీ తిరిగి ఈ పని చేసి, చీటీలు వచ్చాక ఇంటింటికీ చదివి చెబితే అది సొంత సేద్యంతో సమానమైన చదువే.

నష్టం వస్తే?

వస్తుంది. వాయుగుండం పట్టి మూడు రోజులు వాన కురిస్తే మినుము మిగలదు. ఆ రోజు పెద్దలు చేయకూడనిది ఒకటుంది. తండ్రి తన జేబులోంచి తీసి ఆ గుంట పూడ్చకూడదు. చేయవలసినది మరొకటుంది. నష్టాన్ని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాయించాలి. మాస్టారు మార్కులు వేయవలసింది లాభానికి కాదు, పుస్తకానికి. లాభానికి మార్కులంటే పిల్లలు అబద్ధపు లెక్కలు రాయడం నేర్చుకుంటారు. అది సేద్యం కన్నా తొందరగా వస్తుంది.

పొలం ఇచ్చిన రైతు ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుని, నాకూ పోయిందిరా అబ్బాయి, రేపు పదును ఆరితే ఏం వేద్దామో చూద్దాం అని ఒక్క మాట అంటే చాలు. నష్టం తర్వాత మళ్ళీ విత్తడం ఎలాగో చెప్పే పాఠం ఏ తరగతి గదిలోనూ లేదు. ఆ మాట రైతు నోటనే రావాలి.

అందుకే పెట్టుబడి కూడా పోతే తట్టుకునేంతే ఉండాలి. పిల్లలను అప్పు పెట్టి దింపవద్దు. పెద్ద ఎత్తున చేయాలనుకునే పట్టభద్రుల కోసం కేంద్రం 2002లో అగ్రిక్లినిక్కుల పథకం ప్రారంభించి, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ ఆధ్వర్యాన శిక్షణ, బ్యాంకు రుణంతో ముడిపెట్టింది. పది సెంట్లలో నిలిచినవాడికి అలాంటి మెట్టు ఎక్కే ధైర్యం వస్తుంది. పది సెంట్లు కూడా చేయనివాడు లక్షల అప్పుతో మొదలుపెడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఊరికి ఒరిగేదేమిటి?

మన ఇళ్ళలో ఇప్పుడు రెండు మాటలు వినిపిస్తున్నాయి. పిల్లలు సేద్యంలోకి రావడం లేదని ఒకటి. మనవాడు సేద్యంలోకి రాకుంటే చాలునని మరొకటి. రెండూ అనేది తరచు ఒకే తండ్రి. ఆ తండ్రిని తప్పు పట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. గిట్టుబాటు లేని పనిలోకి బిడ్డను దింపమని ఎవరూ అనలేరు. అయితే వ్యవసాయ విద్యలో చేర్పించేటప్పుడు రైతు బిడ్డల కోటా కాగితాలు జతపరుస్తున్నాం. ఆ కాగితంలో తండ్రి పొలం ఉంది. బిడ్డ చేతికి మాత్రం మట్టి అంటకుండా పట్టా రావాలని కోరుకోవడం కుదరదు.

పది సెంట్లు చేసినవాడు తప్పకుండా రైతే అవుతాడని కాదు. అధికారి కావచ్చు, శాస్త్రవేత్త కావచ్చు, వ్యాపారి కావచ్చు. ఎక్కడ కూర్చున్నా రైతు చెప్పే మాట అతనికి అర్థమవుతుంది. మన జిల్లాలో పుట్టిన సాంబ మసూరికి అగ్గి తెగులు, ఎండాకు తెగులు తట్టుకునే శక్తి తక్కువని రైతులందరికీ తెలుసు. తినడానికి బాగుంటుంది, రేటు పలుకుతుంది కాబట్టి తెలిసి తెలిసీ వేస్తున్నారు. ఆ ఎంపిక వెనక ఉన్న లెక్క అర్థమైన శాస్త్రవేత్తకే రైతుకు పనికివచ్చే రకం ఎలా ఉండాలో తెలుస్తుంది.

ఇప్పుడు చేయవలసినవి

సార్వా కోతలకు నెల ముందే ఏ రైతు ఏ ముక్క ఇవ్వగలడో ఊళ్ళో నలుగురూ కూర్చుని అనుకోవాలి. కోత యంత్రం చేలో దిగాక మాట్లాడితే మినుము అదను దాటిపోతుంది. గ్రామంలోని వ్యవసాయ సహాయకుడి ద్వారా గాని, నేరుగా గాని దగ్గరలోని కళాశాలకో పాలిటెక్నిక్‌కో కబురు చేస్తే నేల అడిగే విద్యార్థీ, నేల ఇచ్చే రైతూ కలుస్తారు. ఊరికి ఇద్దరు పిల్లలతో మొదలైనా చాలు.

కళాశాల వైపు నుంచి జరగవలసినవి కూడా ఉన్నాయి. పక్షానికి ఒకసారైనా మాస్టారు గట్టు మీదికి రావాలి. పైరు కీలక దశలో ఉన్నప్పుడు పిల్లవాడికి రెండు పూటల వెసులుబాటు ఇవ్వాలి. సంవత్సరం చివర లెక్కల పుస్తకాలు రైతుల ఎదుటే, రచ్చబండ దగ్గర చదివించాలి. ఏ పద్ధతికి ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అన్నది తప్పులతో సహా ఊరందరూ వింటారు. వచ్చే ఏడు ఎవరైనా ఆ పద్ధతి తమ చేలో వేసి చూసుకుంటారు.

నేల ఇచ్చేది పది సెంట్లు. గట్టు మీద నిలబడి చెప్పేది నాలుగు మాటలు. రేపు మన గుమ్మంలోకి సలహా చెప్పడానికి వచ్చే మనిషి ముందు మన ఖర్చెంత అని అడగాలంటే, ఆ అలవాటు మన చేలోనే నేర్పి పంపవలసి ఉంటుంది.